పాత కారులో స్పార్క్ బలహీనంగా ఉంటే లోపాన్ని ఎక్కడ వెతకాలి?

కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కు కావలసినంత పెంచే భాగం) మార్చినా ప్లగ్ దగ్గర స్పార్క్ పసుపుగా, సన్నగానే వస్తోందని మీరన్నారు. కాంటాక్ట్ పాయింట్లున్న (కాయిల్ కరెంటును కలిపి తెంచే స్విచ్ లాంటివి) పాత కారైతే, కాయిల్ మధ్య నుంచి వచ్చే లావు వైరును డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్‌కు పంచే భాగం) క్యాప్ నుంచి ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న పట్టుకారుతో ఇంజిన్ లోహానికి సుమారు 6 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని, మరొకరి చేత స్టార్టర్ తిప్పించి చూడండి. దగ్గరలో పెట్రోలు ఆవిరి ఉండకూడదు. అక్కడ నీలి రంగు స్పార్క్ గట్టిగా వస్తే లోపం క్యాప్, దాని లోపల తిరిగే రోటర్, ప్లగ్‌లు లేదా వాటి వైర్లలో ఉన్నట్టే. క్యాప్ లోపలి సన్నని పగులు అంత సులభంగా కంటికి ఆనదు.

అక్కడా బలహీనంగానే ఉంటే, స్టార్టర్ తిరుగుతుండగా కాయిల్ ప్లస్ టెర్మినల్ వద్ద వోల్టేజీ కొలవండి. అది 9 వోల్టుల కంటే బాగా తగ్గితే బ్యాటరీని, ఇగ్నిషన్ స్విచ్‌ను, వైర్ల కనెక్షన్లను చూడాలి. వోల్టేజీ సరిగానే ఉంటే నా అనుమానం కండెన్సర్ (పాయింట్లకు సమాంతరంగా కలిపి ఉండే చిన్న కెపాసిటర్) మీదే, ఎందుకంటే అది చెడినప్పుడు పాయింట్ల మధ్య మెరుపులు లేచి అవి కాలిపోవడమే కాక, కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా తెగకపోవడం వల్ల స్పార్క్ బలం తగ్గుతుంది.