టెక్ సందేహాలు: ఎలుగుబంటి పోతే డ్రూయిడ్ ఎందుకు పడిపోయాడు?

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలుగా మారి డైస్‌తో ఆడే ఆటలో నాది 5వ లెవెల్ డ్రూయిడ్ (జంతు రూపం దాల్చగల మాంత్రికుడు), మూన్ సర్కిల్ అనే శాఖ. 2014 రూల్స్‌తో ఆడుతున్నాం. క్యారెక్టర్ షీట్ (పాత్ర అంకెలన్నీ ఉండే పట్టిక) యాప్‌లో ఎలుగుబంటిగా మారాను. దానికి 12 హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) మిగిలి ఉండగా 19 డ్యామేజీ తగిలింది. యాప్ సున్నా చూపించి, డ్రూయిడ్ పడిపోయాడంటోంది. మారకముందు నాకు 38 ఉన్నాయి. ఇది సరిచేస్తుందని ఫ్రెండ్ ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పంపాడు. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఎందుకో చెబుతాను, ముందు మీ డ్రూయిడ్‌ని లేపుదాం. 19లో 12 ఎలుగుబంటి ఖాతాలో పోయాయి. మిగిలిన 7 మాత్రమే మీకు తగులుతాయి. 38లోంచి 7 తీసేస్తే 31. సొంత రూపంలోకి వచ్చి, నిక్షేపంలా నిలబడే ఉన్నారు. యాప్‌లో ఆ అంకె చేత్తో దిద్దేయండి.

రూపం మారడం గురించి ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, తప్పు ప్రతిసారీ ఒకటే. వైల్డ్ షేప్, అంటే డ్రూయిడ్ జంతువుగా మారే శక్తి, ఒక పరకాయ ప్రవేశం. పాత శరీరం ఎక్కడో భద్రంగా ఉండాలి. బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం జంతువువి. తెలివి, వివేకం, ఆకర్షణ మీవి. ఈ యాప్‌లు చేసేదేమిటంటే, మీ షీట్ మీదే ఎలుగుబంటి షీట్‌ని రాసేస్తాయి. తెలివి 2 అయిపోతుంది, మారకముందు మొదలుపెట్టిన మంత్రం మీద ఏకాగ్రత ఎగిరిపోతుంది. నిజానికి రూపం మారినంత మాత్రాన ఏకాగ్రత పోదు, కొత్త మంత్రాలే వేయలేరు. పాత షీట్‌ని పక్కన దాచిపెట్టడం అంత పెద్ద బ్రహ్మవిద్యా?

దీనికి తోడు అప్‌డేట్లు. 2024 రూల్స్‌లో జంతువు హిట్ పాయింట్లు రావు. మీవే ఉంటాయి, పైన కొన్ని తాత్కాలిక పాయింట్లు కలుస్తాయి. మూన్ డ్రూయిడ్‌కి లెవెల్‌కి మూడు రెట్లు, అంటే మీకు 15. రెండు పద్ధతులూ బాగానే ఉంటాయి, కొత్తది లెక్కకి ఇంకా సులువు. కానీ కథ మధ్యలో, అడక్కుండా, రాత్రికి రాత్రి 34 పాయింట్ల ఎలుగుబంటిని మార్చేసే అప్‌డేట్‌ని ఏమనాలి? ఏ సంవత్సరం రూల్సో షీట్ పైన ఒక్క ముక్క రాయడానికి కూడా వీళ్లకి బద్ధకం.

ఇక ఆ ఎక్స్‌టెన్షన్. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఎలుగుబంటి కాదు, కింద ఉన్న వాక్యం చూసి నాకు టెన్షన్ వచ్చింది: 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడానికి, మార్చడానికి అనుమతి'. రెండు అంకెలు తీసివేయడానికి ఒక్క గేమ్ సైట్ చాలు. అన్ని సైట్లూ అంటే మీ మెయిల్, మీ బ్యాంకు కూడా. రాసినవాడు మంచివాడే కావచ్చు. రేపు దాన్ని ఇంకొకరికి అమ్మేస్తే, కొత్త యజమాని పంపే అప్‌డేట్ మీకు తెలియకుండానే దిగుతుంది. ఫ్రెండ్ పంపాడన్నది భరోసా కాదు, అతనికీ ఎవరో పంపే ఉంటారు.

తప్పదనుకుంటే ఆటకి వేరే బ్రౌజర్ ప్రొఫైల్ పెట్టుకోండి. అందులో మెయిల్, బ్యాంకు తెరవకండి, అనుమతి ఆ ఒక్క సైట్‌కే ఇవ్వండి. నన్నడిగితే కాగితం ముక్క చాలు: హిట్ పాయింట్లు 34, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె) 11, కాటుకి ఎనిమిది ముఖాల డైస్ ఒకటి ప్లస్ 4, గోళ్లకి ఆరు ముఖాలవి రెండు ప్లస్ 4, ఆ రూపానికి గడువు 2 గంటలు. నేనైతే అలాగే ఆడతాను.

ఇప్పటికే వేసేసుకున్నవాళ్లు ముందు ఎక్స్‌టెన్షన్ తీసేయండి, ఆ తర్వాతే పాస్‌వర్డ్‌లు మార్చండి. వరస తిరగబడితే కొత్త పాస్‌వర్డ్‌ని దాని కళ్లెదుటే టైప్ చేసినట్టవుతుంది. అన్ని డివైజ్‌ల నుంచీ లాగౌట్ కూడా చేయండి. పాత లాగిన్ ఎవరి చేతికైనా చిక్కి ఉంటే, కొన్ని సైట్లలో పాస్‌వర్డ్ మార్చినా అది పనిచేస్తూనే ఉంటుంది.