అమ్మమ్మ తెలుగు, స్కూలు ఇంగ్లిష్: మా పాప నటి కాగలదా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి పదకొండో క్లాసు. స్కూలు నాటకాల్లో బాగా చేస్తుంది, నటినే అవుతానంటోంది. మళ్లీ తనే, ‘ఇక్కడ నన్ను ఇండియన్ అంటారు, హైదరాబాద్ వెళ్తే అమెరికా పిల్ల అంటారు, నాకు వేషాలెవరిస్తారు?’ అని దిగులుపడుతుంది. మాకూ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, పాప దిగులు ఉత్తిది కాదు. పేరు చూసే వేషం తేల్చేసేవాళ్లు ఉన్నారు. అయినా దారి ఉంది. కాలిఫోర్నియాలో తెలుగింట పుట్టిన అవంతిక వందనపు 2016లో ‘బ్రహ్మోత్సవం’లో కనిపించింది. 2024లో హాలీవుడ్ ‘మీన్ గర్ల్స్’లో కేరన్‌గా చేసింది. 2004లో అదే పేరుతో వచ్చిన మొదటి సినిమాలో ఆ పాత్ర తెల్ల నటి అమాండా సైఫ్రిడ్‌ది. అంటే అది మన పిల్లల కోసం రాసిన వేషం కాదు.

ముందు తెలుగు సంగతి చూడండి. అక్కడ పెరిగిన చాలామంది పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. అలా ఉంటే తెలుగు డైలాగు నోట నిలవదు. రోజూ పావుగంట అమ్మమ్మతో వీడియో కాల్‌లో తెలుగే మాట్లాడించండి. ఆవిడ చెప్పిన ముచ్చటొకటి రికార్డు చేసుకోనివ్వండి. ఎక్కడ ఆగారు, ఏ మాట సాగదీశారు, అవన్నీ పట్టుకుని పాప తిరిగి చెప్పాలి. ‘కల’కీ ‘కళ’కీ తేడా మీ చెవికి తెలియాలి. నాలుక వెనక్కి మడిస్తే గానీ ‘ళ’ రాదు.

దీని లాభం తెలుగు సినిమాతో ఆగదు. రేపు అమెరికా ఆడిషన్‌లో ‘ఇండియన్ యాసలో చెప్పు’ అంటారు. అమ్మమ్మ గొంతు చెవిలో ఉన్న పిల్ల ఒక మనిషిని చూపిస్తుంది. లేని పిల్ల టీవీలో విన్న వెక్కిరింపు యాసే చేస్తుంది. నాకు ఆ తేడా చాలా పెద్దది.

చదువు విషయానికొస్తే, జూలియార్డ్, కార్నెగీ మెలన్, న్యూయార్క్ యూనివర్సిటీ టిష్ స్కూల్‌లో నటనలో నాలుగేళ్ల డిగ్రీ ఉంది. మార్కులతోపాటు ఆడిషన్ ఉంటుంది. చాలాచోట్ల ముందు వీడియో అడుగుతారు. ఒకదానికొకటి పోలిక లేని రెండు మోనోలాగ్‌లు, అంటే ఒక్కరే నిలబడి చెప్పే సంభాషణలు, ఈ వేసవిలోనే మొదలుపెట్టించండి. వేరే డిగ్రీ ఉంటే ధైర్యమనుకుంటే అదీ తప్పు కాదు. లండన్‌లో పాకిస్తానీ కుటుంబంలో పుట్టిన నటుడు రిజ్ అహ్మద్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివాకే డ్రామా స్కూలుకు వెళ్లాడు.

ఏజెంట్లతో మాత్రం జాగ్రత్త. పని వచ్చాక సంపాదనలో దాదాపు పది శాతం తీసుకోవడం అక్కడి పద్ధతి. ఫొటోలకనీ ట్రైనింగ్‌కనీ ముందే వేల డాలర్లు కట్టమంటే, పాపను తీసుకుని లేచి వచ్చేయండి.