గోల్స్ లెక్క, ఆటగాడి ఫామ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గురించి రాసిన పరిచయం చదివి రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల నుండి చాలామంది ఉత్తరాలు రాశారు. పిల్లలు మెల్‌బోర్న్‌లోనో పెర్త్‌లోనో ఉద్యోగాలు చేస్తున్న ఇళ్లు మన సరిహద్దు పట్టణాల్లో ఇప్పుడు తక్కువేమీ కాదు కనుక, ఈ ఆసక్తి నాకు సంతోషాన్నిచ్చింది. వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పెద్ద లీగైన ఏఎఫ్ఎల్ గురించి కాక, దాని కింది మెట్టులో ఉన్న విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా లీగుల గురించే ఉన్నాయి. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట: ఈ ఆటలో ఒక్కో జట్టుకు మైదానంలో 18 మంది ఉంటారు, నడిమి రెండు స్తంభాల మధ్య నుండి తన్నితే గోల్, దానికి 6 పాయింట్లు, నడిమి స్తంభానికీ పక్క స్తంభానికీ మధ్య నుండి పోతే బిహైండ్, దానికి 1 పాయింటు.

ప్రశ్న: నేను కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. నిరుడు మూడు నెలలు మెల్‌బోర్న్ దగ్గరి వెర్రిబీలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు, వాడితో కలిసి అక్కడి జట్టు ఆడే మ్యాచ్‌లకు వెళ్లేవాణ్ణి. ముందు వరుసలో ఆడే ఒక కుర్రవాడు ఒక వారం 5 గోల్స్ కొట్టాడు. తరువాతి రెండు వారాల్లో ఒక్కటీ కొట్టలేదు. మా అబ్బాయి “వీడి ఫామ్ పోయింది నాన్నా” అన్నాడు. పక్కన కూర్చున్న అక్కడి పెద్దాయన మాత్రం “ఈ రోజు అందరికంటే బాగా ఆడింది ఇతడే” అన్నాడు. ఎవరి మాట నిజం? – రాయగడ నుండి ఒక పాఠకుడు

జవాబు: అయ్యా, ఆ పెద్దాయన మాటే నిజానికి దగ్గరగా ఉండి ఉంటుందని నేను అనుకుంటున్నాను. ముందు వరుస ఆటగాడి గోల్స్ అతని చేతిలో ఉన్నవి కావు. మైదానం మధ్యలో అంపైర్ బంతిని ఎగరవేసినప్పుడు పొడవైన రక్ ఆటగాడు దానిని తన వాళ్ల వైపు తట్టాలి, మిడ్‌ఫీల్డ్ ఆటగాడు ఆ గుంపులో నుండి దానిని బయటికి తీయాలి, ఆ తరువాత ఎవరో ఒకరు తల ఎత్తి చూసి, గోల్‌కు 50 మీటర్ల దూరంలో గీసిన వంపుగీత లోపలికి, మన కుర్రవాడు పరుగెత్తే దిక్కుకు తన్నాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా అతని దగ్గరికి బంతి రాదు. మిడ్‌ఫీల్డ్ ఓడిపోయిన రోజున ఎంత గొప్ప ఫార్వర్డ్ అయినా నాలుగు క్వార్టర్లూ ఎదురుచూస్తూ నిలబడవలసిందే.

అందువల్ల గోల్స్ కంటే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. బంతి అతని వైపు ఎన్నిసార్లు వచ్చింది, వచ్చినప్పుడు అతడు ఎన్నిసార్లు ఎగిరి పోటీ పడ్డాడు అన్నది మొదటిది. 15 మీటర్లకు తక్కువ కాకుండా తన్నిన బంతిని నేల తాకక ముందే పట్టుకుంటే దానిని మార్క్ అంటారు. పట్టినవాడు ఎవరి అడ్డూ లేకుండా నిదానంగా తన్నుకోవచ్చు. అయితే ఇద్దరు ముగ్గురు రక్షకులు మీద పడినప్పుడు మార్క్ పట్టడం సాధ్యం కాకపోవచ్చు. అప్పుడు బంతి వాళ్ల చేతికి చిక్కకుండా నేల మీద పడేటట్లు చేసి, కాళ్ల దగ్గర కాచుకొని ఉన్న పొట్టి ఫార్వర్డ్‌కు అందించినవాడు స్కోరు పుస్తకంలో పేరు లేకుండానే గోల్ చేసినవాడవుతాడు. బంతి పోయిన తరువాత వెంటబడి ప్రత్యర్థిని టాకిల్ చేసి అక్కడే ఆపడం కూడా అంతే విలువైన పని. మీరు చూసిన కుర్రవాడికి ఆ రెండు వారాల్లో బిహైండ్లు ఉన్నాయేమో గుర్తు చేసుకోండి. గోల్ ఒక్కటీ లేకపోయినా బిహైండ్లు నాలుగు ఉంటే, అతడు నాలుగు సార్లు సరైన చోటికి చేరాడని అర్థం. తప్పింది కాలి గురి మాత్రమే, అది వారం పది రోజుల సాధనతో తిరిగి వస్తుంది. సరైన చోటికి చేరడమే మానేసినవాణ్ణి బాగు చేయడానికి ఒక సీజన్ కూడా చాలదు.

రెండవ సంగతి ప్రత్యర్థికి సంబంధించినది. రెండో మెట్టు లీగుల్లో తప్ప ఇంకెక్కడా ఇంతగా కనిపించని చిక్కు ఇది. దసరాకో సంక్రాంతికో మన ఊళ్లలో జరిగే టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్లు మీరు చూసే ఉంటారు. నిన్నటిదాకా ఊరి కుర్రాళ్లతో ఆడిన జట్టు, సెమీఫైనల్ నాటికి విశాఖపట్నం నుండో బరంపురం నుండో ముగ్గురు గెస్ట్ ఆటగాళ్లను దించుతుంది. పేరు అదే, జట్టు మాత్రం వేరు. విక్టోరియా లీగులో ఇది ప్రతి వారం, నిబంధనల ప్రకారమే జరుగుతుంది. ఏఎఫ్ఎల్ క్లబ్బుల రిజర్వు పోటీని 2000లో ఈ లీగులో కలిపేశారు కాబట్టి, పై జట్టులో చోటు దక్కనివారు, గాయం మాని తిరిగి వస్తున్నవారు ఇక్కడ ఆడుతారు. వెర్రిబీ జట్టుకు ఒకప్పుడు ఏఎఫ్ఎల్‌లోని నార్త్ మెల్‌బోర్న్ క్లబ్బుతో పొత్తు, అంటే ఆ క్లబ్బు ఆటగాళ్లు వెర్రిబీ తరఫున ఆడే ఏర్పాటు, ఉండేది. 2018 నుండి ఆ క్లబ్బు ఈ లీగులో తన సొంత జట్టును దించడంతో వెర్రిబీ ఒంటరిగా నిలబడింది. ఇటువంటి జట్లలో ఎక్కువమంది పగలు ఉద్యోగం చేసుకొని సాయంత్రం సాధనకు వచ్చేవారు. ఎదుట ఉన్నవాళ్లు ఆటే వృత్తిగా బతికేవాళ్లు కావచ్చు. మొదటి వారం మన కుర్రవాణ్ణి కాపలా కాసింది పంతొమ్మిదేళ్ల కొత్త రక్షకుడు, రెండో వారం కాసింది యాభై ఏఎఫ్ఎల్ మ్యాచ్‌లు ఆడి గాయం నుండి తేరుకుంటున్న అనుభవజ్ఞుడు అయితే, 5 గోల్స్‌నూ సున్నానూ పక్కపక్కన పెట్టి పోల్చడంలో న్యాయం లేదు.

గాలిని కూడా మరువకూడదు. గోపాల్‌పూర్ ఇసుకలో బంతి ఆడినవారికి సముద్రపు గాలి ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు. పోర్ట్ ఫిలిప్ అఖాతం ఒడ్డున ఉన్న విలియమ్స్‌టౌన్ మైదానంలో ఏ గోల్ వైపు గాలి వీస్తున్నదో చూడకుండా క్వార్టర్ స్కోరును అర్థం చేసుకోలేము.

మీ అబ్బాయికి ఒక సంగతి చెప్పండి. 2025 జనవరిలో విరాట్ కోహ్లీ ఢిల్లీ తరఫున రంజీ మ్యాచ్ ఆడి, రైల్వేస్ మీద 6 పరుగులకే బౌల్డయ్యాడు. ఆ ఒక్క ఇన్నింగ్స్‌ను బట్టి అతని ఆట మీద తీర్పు చెప్పలేము కదా. ఈ ఆటలోనూ ఐదారు మ్యాచ్‌లు వరుసగా చూసిన తరువాతనే ఫామ్ అనే మాట వాడాలని నా అభిప్రాయం. ఈసారి వెళ్లినప్పుడు ఒక క్వార్టర్ పాటు బంతిని వదిలేసి ఆ కుర్రవాణ్ణి మాత్రమే చూడండి. బంతి వంద మీటర్ల దూరంలో ఉన్నప్పుడు అతడు నడుస్తున్నాడా, చోటు మారుతున్నాడా అన్నది టీవీలో కనిపించదు, మైదానంలో కూర్చున్నవారికే తెలుస్తుంది.

ప్రశ్న: నేను గణితం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. విక్టోరియా లీగు పట్టికలో మంచి జట్టుకు శాతం 112 అని, దక్షిణ ఆస్ట్రేలియా పట్టికలో మంచి జట్టుకు 53 అని చూశాను. అక్కడి ఆట అంత నాసిరకమా? – పర్లాకిమిడి నుండి ఒక పాఠకుడు

జవాబు: కాదండీ, తేడా సూత్రంలో ఉంది. విక్టోరియా వారు తాము చేసిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించి 100తో గుణిస్తారు. దక్షిణ ఆస్ట్రేలియా వారు తాము చేసిన పాయింట్లను, చేసినవీ ఇచ్చినవీ కలిపిన మొత్తంతో భాగించి 100తో గుణిస్తారు. ఒక జట్టు 1,120 పాయింట్లు చేసి 1,000 ఇచ్చిందనుకుందాం. మొదటి లెక్కలో అది 112, రెండో లెక్కలో 52.8. సమానమైన జట్టుకు ఒకచోట 100 వస్తే మరొకచోట 50 వస్తుంది. ఒక్కో గెలుపుకు పట్టికలో చేర్చే పాయింట్లు కూడా విక్టోరియాలో 4, దక్షిణ ఆస్ట్రేలియాలో 2.

మీరు లెక్కల మనిషి గనుక ఇంకో రెండు సంగతులు చెబుతాను. 2024లో విక్టోరియా లీగులో 21 జట్లుండగా ఒక్కో జట్టు ఆడినవి 18 మ్యాచ్‌లే. అంటే ఏ జట్టూ మిగతా అందరితో తలపడలేదు. కాబట్టి పట్టికలో ఒకటి రెండు స్థానాల తేడాను బలంలోని తేడాగా తీసుకోకూడదు. ఎవరితో ఆడి ఆ స్థానానికి వచ్చారో కూడా చూడాలి. రెండవది, ఒక జట్టు 14 గోల్స్, 5 బిహైండ్లతో 89 చేసి, 10 గోల్స్, 18 బిహైండ్లతో 78 చేసిన జట్టును ఓడించిందనుకోండి. ఓడిన జట్టు 28 సార్లు స్కోరు చేసింది, గెలిచిన జట్టు 19 సార్లే. వచ్చే వారం ఈ రెంటిలో ఏది బాగా ఆడుతుందని నన్ను అడిగితే, ఓడిన జట్టునే చూపిస్తాను. మీ తరగతిలో పిల్లలకు ఈ లెక్క ఇచ్చి చూడండి. సగటుకూ ఫలితానికీ మధ్య ఉండే దూరం వారికి సులువుగా పట్టుబడుతుంది.

ప్రశ్న: కింది లీగులో బాగా ఆడినంత మాత్రాన పై జట్టుకు నిజంగా ఎదగగలరా? వయసు దాటితే ఇక అవకాశం ఉండదా? – గుణుపురం నుండి ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఎదగగలరమ్మా. మార్లియన్ పికెట్ పేరు గుర్తుపెట్టుకో. పశ్చిమ ఆస్ట్రేలియా లీగులో సౌత్ ఫ్రీమాంటిల్ జట్టుకు ఆడుతున్న అతణ్ణి, 2019లో సీజన్ మధ్యలో జరిగిన డ్రాఫ్ట్‌లో, అంటే ఏఎఫ్ఎల్ క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకొనే ప్రక్రియలో, రిచ్‌మండ్ క్లబ్బు ఎంచుకుంది. అప్పటికి అతని వయసు 27. ఈ ఆటలో కొత్తవారిని సాధారణంగా పద్దెనిమిదేళ్లకే ఎంచుకుంటారు. ఆ సంవత్సరం రిచ్‌మండ్ రిజర్వు జట్టు విక్టోరియా లీగు ఫైనల్‌లో విలియమ్స్‌టౌన్‌ను ఓడించినప్పుడు, ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ గాస్ పతకం అతనికే దక్కింది. ఆ తరువాతి వారమే ఏఎఫ్ఎల్ గ్రాండ్ ఫైనల్‌లో అతడు తన మొట్టమొదటి ఏఎఫ్ఎల్ మ్యాచ్ ఆడాడు. గ్రాండ్ ఫైనల్‌తోనే అరంగేట్రం చేయడం 1952 తరువాత అదే మొదటిసారి. రిచ్‌మండ్ 114, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ 25. పికెట్ ఒక గోల్ కూడా కొట్టాడు.

ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. జాక్ గ్రాహమ్ అనే ఆటగాడి భుజానికి గాయం కావడం వల్లనే ఆ చోటు ఖాళీ అయింది. చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆటగాడి చేతిలో లేదు. ఖాళీ అయిన వారం తాను ఎలా ఆడుతున్నాడన్నదే అతని చేతిలో ఉంది. పికెట్ ఆ వారానికి సిద్ధంగా ఉన్నాడు.

రాయగడ పాఠకుడి వెర్రిబీకి చెందిన ఉదాహరణ కూడా ఒకటి చెబుతాను. మైకేల్ బార్లో 2009లో వెర్రిబీ తరఫున బాగా ఆడి, 2010లో ఫ్రీమాంటిల్ జట్టుతో ఏఎఫ్ఎల్‌లో అడుగుపెట్టాడు. ఆట ముగిశాక అదే వెర్రిబీకి కోచ్‌గా వచ్చి, 2024 విక్టోరియా లీగు ఫైనల్‌లో సౌత్‌పోర్ట్‌ను ఓడించి కప్పు తెచ్చాడు. ఆ క్లబ్బుకు 1993 తరువాత దక్కిన మొదటి కప్పు అది. పొత్తు పోయి ఒంటరిగా నిలబడిన జట్టు అంత పెద్ద లీగును గెలవడం నన్ను ఎంతో కదిలించింది.

ప్రశ్న: ఒకే జట్టు ఒక ఏడాది అందరినీ ఓడించి, మరొక ఏడాది కిందికి జారిపోతుంది. కోచ్ మారకపోయినా ఇలా ఎందుకు జరుగుతుంది? – జయపురం నుండి ఒక పాఠకుడు

జవాబు: కారణాలు చాలా ఉంటాయి గాని, రెండో మెట్టులో పెద్ద కారణం తరచుగా పై మెట్టులోనే ఉంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియా లీగులో పీల్ థండర్ అనే జట్టు 1997లో చేరింది. దాదాపు ఇరవై ఏళ్లు దానికి ఒక్క కప్పూ దక్కలేదు. 2014లో ఫ్రీమాంటిల్ క్లబ్బుతో పొత్తు కుదిరి, ఆ క్లబ్బు ఆటగాళ్లు పీల్ తరఫున ఆడడం మొదలైంది. 2016లో ఫ్రీమాంటిల్ ఏఎఫ్ఎల్‌లో ఘోరంగా ఓడి 16వ స్థానంలో నిలిచింది, సీజన్ చివర పై జట్ల మధ్య జరిగే ఫైనల్స్‌కు చేరలేదు. దానితో దాని ఆటగాళ్లు సెప్టెంబరులో పీల్ జట్టుకు అందుబాటులోకి వచ్చారు. పీల్ ఆ ఏడాది తన మొదటి కప్పు గెలిచింది, 2017లో మళ్లీ గెలిచింది. ఆ రెండో ఏడాది కూడా ఫ్రీమాంటిల్ ఫైనల్స్‌కు వెళ్లలేదు.

ఇది న్యాయమేనా అని మీరు అడగవచ్చు. అక్కడి అభిమానులు కూడా గట్టిగానే అడిగారు. పొత్తు లేని క్లబ్బు సొంత కుర్రాళ్లను ఏళ్ల తరబడి పెంచుకొని వచ్చి, చివరి మెట్టు మీద వృత్తి ఆటగాళ్ల చేతిలో ఓడితే బాధ కలగడం సహజం, ఆ బాధ సరైనదేనని నేను నమ్ముతాను. అయితే పొత్తు లేనంత మాత్రాన గెలవలేరని కాదు: 2018లో సుబియాకో జట్టు అదే లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కప్పు గెలిచింది. పొత్తు ఉన్న జట్టు కూడా ఒక్కొక్కసారి అలా సాగుతుంది; మెల్‌బోర్న్ క్లబ్బుకు అనుబంధమైన కేసీ జట్టు 2022లో విక్టోరియా లీగును ఓటమి లేకుండానే ముగించింది.

కనుక మీరు అభిమానించే జట్టు మ్యాచ్ చూడబోయే ముందు రోజు, దాని పొత్తు క్లబ్బు ఏఎఫ్ఎల్‌లో ఎవరిని ఎంపిక చేసిందో, ఎవరు గాయపడ్డారో ఒకసారి చూడండి. పైన నలుగురు గాయపడితే కింద నుండి నలుగురు మంచివాళ్లు వెళ్లిపోతారు, వారి చోట్లలో కొత్త కుర్రాళ్లు దిగుతారు. ఆ వారం జట్టు 40 పాయింట్ల తేడాతో ఓడినా, ఆ కొత్తవాళ్లలో ఎవరు నాలుగో క్వార్టర్‌లో కూడా పరుగు ఆపలేదో గమనించి నాకు రాయండి.