టెన్నిస్ కోర్టు తీసి పికిల్‌బాల్: 4,200 డాలర్ల కంటే ఆ 45 డాలర్ల సంగతి ముందు చూడండి

ప్రశ్న: కాలిఫోర్నియాలో 140 ఇళ్లున్న టౌన్‌హోమ్ కమ్యూనిటీలో ఉంటున్నాం. నెలకు 350 డాలర్ల హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) డ్యూస్. రెండు టెన్నిస్ కోర్టులు తీసేసి పికిల్‌బాల్ (చిన్న కోర్టులో బ్యాట్లతో ఆడే టెన్నిస్ లాంటి ఆట) కోర్టులు వేస్తాం, పాత క్లబ్‌హౌస్‌ని జిమ్ చేస్తాం అంటోంది బోర్డు. ఇంటికి 4,200 డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్ (డ్యూస్ కాకుండా అదనంగా వసూలు చేసే మొత్తం), లేదా నెలకు 85 చొప్పున 60 నెలలు. పైగా డ్యూస్ నెలకు 45 పెరుగుతాయట. మేం ఆడం, జిమ్‌కీ వెళ్లం. నాలుగైదేళ్లలో ఇల్లు అమ్మేయడమో అద్దెకివ్వడమో చేస్తాం. కట్టకుండా ఉండొచ్చా? ఇంటి విలువ పెరుగుతుందన్న మాట నమ్మొచ్చా?

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు, ఉండకూడదు. పద్ధతి ప్రకారం ఆమోదం పొందిన అసెస్‌మెంట్‌ని "మేం వాడం కదా" అని ఆపేస్తే లేట్ ఫీజు, వడ్డీ, ఆ తర్వాత ఇంటి మీద లీన్ (బాకీ కింద ఇంటి మీద పెట్టే హక్కు) వస్తాయి. కాలిఫోర్నియాలో బాకీ 1,800 డాలర్లు దాటినా, 12 నెలలు దాటినా అసోసియేషన్ ఇంటిని వేలం దాకా తీసుకెళ్లగలదు. కోపం ఉంటే ఓటులో చూపించండి, కట్టడంలో కాదు.

ఓటు మీ చేతిలోనే ఉంది. బోర్డు ఆ మాట మీకు గట్టిగా చెప్పి ఉండకపోవచ్చు. ఆ ఏడాది బడ్జెట్ ఖర్చులో 5 శాతం మించిన స్పెషల్ అసెస్‌మెంట్ వేయాలంటే, ఎమర్జెన్సీ కానప్పుడు, సభ్యుల ఆమోదం కావాలి. మీ డ్యూస్ లెక్కన బడ్జెట్ సుమారు 5,88,000 డాలర్లు. అందులో 5 శాతం 29,400, అంటే ఇంటికి 210. వాళ్లు అడుగుతున్నది దానికి 20 రెట్లు. కోర్టు మార్చడం, జిమ్ పెట్టడం ఎమర్జెన్సీ కావు. కానీ కోరానికి (ఓటింగ్ చెల్లడానికి కావాల్సిన కనీస సంఖ్యకి) సగం కంటే ఎక్కువ మంది, అంటే 71 మంది ఓటేస్తే చాలు, అందులో 36 మంది సరే అంటే పాసైపోతుంది. మన వాళ్లలో చాలామంది ఆ బ్యాలెట్ కవరు విప్పకుండానే పక్కన పడేస్తారు. దయచేసి విప్పండి, పక్కింటి వాళ్ల చేత కూడా విప్పించండి.

మరి డ్యూస్ పెంపు? 350 మీద 45 అంటే దాదాపు 13 శాతం. రెగ్యులర్ డ్యూస్‌ని ఏడాదికి 20 శాతం వరకు బోర్డు మామూలుగా సభ్యుల ఓటు లేకుండానే పెంచగలదు. అందరూ 4,200 గురించే మాట్లాడుకుంటారు, కానీ నన్ను అడిగితే టెన్షన్ పడాల్సింది ఈ 45 గురించే. ఏడాదికి 540, పదేళ్లకు 5,400, అదీ మళ్లీ పెంచకపోతేనే. జిమ్ అంటే మెషీన్ల రిపేర్లు, క్లీనింగ్, కరెంటు, ఇన్సూరెన్స్, కొన్నేళ్లకు మెషీన్లే మార్చడం, ఇవన్నీ ఎప్పటికీ ఆగని ఖర్చులు. అందుకే మీటింగ్‌లో "ఎంతవుతుంది" అని కాదు, "జిమ్ పెట్టాక ఏటా ఎంతవుతుంది, రిజర్వ్‌లో (ముందు ముందు వచ్చే పెద్ద రిపేర్ల కోసం దాచే నిధిలో) దీనికి ఎంత పక్కన పెడతారు" అని అడగండి. కనీసం మూడేళ్లకోసారి అసోసియేషన్ తన బాధ్యత కింద ఉన్నవాటిని చూసి, ఆ నిధి సరిపోతుందా అని రిజర్వ్ స్టడీ చేయించాలి, దాని సారాంశం ఏటా బడ్జెట్‌తో పాటు మీకు వస్తుంది. రూఫులకీ రోడ్లకీ ఉండాల్సిన డబ్బే తక్కువగా ఉంటే, ముందు అది నింపకుండా జిమ్ కట్టడం తప్పు, అలాంటప్పుడు నేనైతే వద్దనే ఓటేస్తాను.

ఇంటి విలువ సంగతి. కొత్త కోర్టు చూసి ఒక కొనేవాడు ఇష్టపడొచ్చు, నిజమే. కానీ అతనికి లోన్ ఇచ్చే బ్యాంకు డ్యూస్‌ని కూడా నెలవారీ ఖర్చులో కలిపి చూస్తుంది. 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోన్ అనుకుంటే, నెలకు 45 డాలర్లంటే సుమారు 7,100 డాలర్ల లోన్‌కి కట్టే వాయిదా. అంటే ఆదాయం సరిగ్గా అంచున ఉన్న కొనేవాడికి అంత లోన్ తగ్గిపోతుంది. ఇంకోటి, పికిల్‌బాల్ బంతి చప్పుడు టెన్నిస్ బంతిలా ఉండదు, టకటకమని గట్టిగా వినిపిస్తుంది, అమెరికాలో దీని మీద గొడవలు న్యాయస్థానాల దాకా వెళ్లాయి. మీ ఇల్లు కోర్టుల పక్కనే ఉంటే అది మీ అమ్మకం ధర మీద పడే విషయం.

దీనికి మధ్యేమార్గం కూడా ఉంది. పికిల్‌బాల్ కోర్టు 20 అడుగులు బై 44 అడుగులే, కాబట్టి ఒక టెన్నిస్ కోర్టు మీద గీతలు గీసి, తీసి పెట్టుకునే నెట్లు పెట్టి ఒక ఏడాది నడిపి చూడమనండి. జిమ్ ప్రతిపాదనని విడిగా ఓటుకి పెట్టమని అడగండి. రెండూ కలిపి పెట్టడం వల్లే ఒకటి కావాలనుకున్న వాళ్లు రెండోదానికీ కట్టాల్సి వస్తోంది.

ట్యాక్స్ సంగతి క్లుప్తంగా. మీరుంటున్న ఇంటికి ఈ అసెస్‌మెంట్ డిడక్షన్ రాదు, కానీ ఇలాంటి మెరుగుదలకి కట్టింది ఇంటి బేసిస్‌లో (అమ్మినప్పుడు లాభం లెక్కకి వాడే ఇంటి ఖర్చులో) కలుస్తుంది, నోటీసూ రసీదూ దాచుకోండి. ఇల్లు అమ్మితే దంపతులకి అర్హతను బట్టి 5,00,000 డాలర్ల లాభం వరకు మినహాయింపు ఉంది కాబట్టి చాలామందికి తేడా పడదు. అద్దెకిచ్చాక డ్యూస్‌ని అద్దె ఆదాయంలోంచి తీసేయొచ్చు, మెరుగుదల అసెస్‌మెంట్‌ని మాత్రం ఒకేసారి తీయలేరు, డిప్రిసియేషన్‌గా ఏళ్ల తరబడి రాసుకోవాలి. హోమ్ ఇన్సూరెన్స్‌లోని లాస్ అసెస్‌మెంట్ కవరేజీ కూడా దీనికి పనికిరాదు, అది ప్రమాదాల నష్టాలకే.

పాసైతే ఎలా కట్టాలి? 85 చొప్పున 60 నెలలంటే మొత్తం 5,100, అంటే ఏడాదికి దాదాపు 8 శాతం వడ్డీ. సేవింగ్స్‌లో అంతకంటే తక్కువ వస్తోంటే, ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోకుండా కట్టగలిగితే ఒకేసారి కట్టేయండి. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే మాత్రం వాయిదాలే తీసుకుని ముందు ఆ కార్డు తీర్చండి. మధ్యలో ఇల్లు అమ్మితే మిగిలినది క్లోజింగ్ (అమ్మకం పూర్తయ్యే రోజు) నాటికి మీరే తీర్చమని కొనేవాళ్లు అడిగే అవకాశం ఎక్కువ, అందుకని ముందుగా తీర్చేస్తే పెనాల్టీ ఉంటుందా అని సంతకం పెట్టే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.