స్టెప్నీకి చోటు, అక్కయ్యకు కుర్చీ

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చి.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు ఇల్లుగా మార్పించుకుంటున్న వ్యాను ఫొటోలు మీ అత్తయ్య, నేను కళ్లజోళ్లు మార్చుకుంటూ చూశాం. వంటగట్టు బాగుంది, కిటికీలకు దోమతెర ఇంకా బాగుంది. ఆఖరి ఫొటో దగ్గర మాత్రం నా మనసు ఆగిపోయింది. వెనుక అడుగున స్టెప్నీ ఉండాల్సిన చోట వంద లీటర్ల నీళ్ల ట్యాంకు! 'స్టెప్నీ సంగతి తరువాత చూద్దాం మామయ్యా' అని కింద రాశావు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆర్టీసీ గ్యారేజీలో బస్సుల కింద పడుకుని పని చేసినవాడిని. 'తరువాత' అన్న మాట వింటే నాకు నిద్ర పట్టదు. అందుకే ఫోనులో కాకుండా కాగితం మీద రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు 'సరే సరే' అనేస్తావు.

ముందు ఒక్క మాట. నీ వ్యాను ఆగి ఉన్నప్పుడు ఇల్లు, కదులుతున్నప్పుడు లారీ. ఇల్లు కట్టిన వడ్రంగి ఆగి ఉన్న వ్యానును చూసి కట్టాడు. నువ్వు కదిలే వ్యానును చూసి కట్టించుకోవాలి. స్టెప్నీ గురించి, సీట్ల గురించి కింద రాసేదంతా ఈ లెక్కలోనిదే.

స్టెప్నీ అనే మాట మన దగ్గర పుట్టింది కాదు. 1904లో వేల్స్ దేశంలోని లనెల్లి ఊళ్లో డేవిస్ అనే అన్నదమ్ములు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. అంతకుముందు కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. వాళ్ల దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ. ఆ వీధి పేరు మన గాజువాక ఆటోనగర్‌లో పంక్చర్ వేసే కుర్రాడి నోట్లో ఇప్పటికీ ఉంది.

అల్లుడు గారు ఫోనులో ఒక వాదం చేశారు. 2020 అక్టోబరు నుంచి స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదని నిబంధన వచ్చిందన్నారు. వచ్చిన మాట నిజమే. డ్రైవరుతో కలిపి తొమ్మిది మందికి, మూడున్నర టన్నులకు మించని వాహనాలకు ట్యూబ్‌లెస్ టైర్లు, టైరులో గాలి తగ్గితే చెప్పే పరికరం, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ అక్కర్లేదు. మీ వ్యానుకు అది వర్తిస్తుందో లేదో కాగితాలు చూసుకోండి. వర్తించినా నేను ఒప్పుకోను. మేకు గుచ్చుకుంటే కిట్ పనిచేస్తుంది. ఘాట్ రోడ్డు అంచున రాయి కోసి టైరు పక్క గోడ చీలితే ఏ కిట్టూ పనికిరాదు. మీరు వెళ్తామంటున్నది అరకు, లంబసింగి. బీచ్ రోడ్డు కాదు.

ఇక చోటు సంగతి. వ్యాను కట్టించుకునేవాళ్లు స్టెప్నీని నాలుగు చోట్ల పెడతారు. నాలుగూ చూశాను, రెండు చేసి అనుభవించాను.

మొదటిది పైకప్పు. ఆ ఊహే వద్దు. రిమ్ముతో కలిపి మా స్టెప్నీని తూకం వేస్తే 28 కిలోలు వచ్చింది. వానలో నిచ్చెన ఎక్కి అంత బరువును తలమీదుగా దించే మనిషి మీ ఇంట్లో ఎవరున్నారు? పైగా వ్యాను ఎత్తు మీద బరువు పెరిగితే మలుపుల్లో ఒరిగిపోతుంది.

రెండోది వెనుక తలుపు. చూడటానికి జీపులా అందంగా ఉంటుంది. కానీ ఆ తలుపు కీళ్లు తలుపును మోయడానికి పెట్టినవి. స్టెప్నీని, దాని ఇనుప చట్రాన్ని కూడా మోయాలంటే ఆరు నెలల్లో తలుపు కుంగి గడియ పడదు. అక్కడే పెట్టాలంటే తలుపుకు కాకుండా ఛాసిస్‌కు, అంటే వ్యాను అడుగున ఉండే ఉక్కు చట్రానికి, బోల్టులు వేసి, పక్కకు తెరుచుకునే చట్రం చేయించాలి. నంబరు ప్లేటు, వెనుక లైట్లు కనిపించాలి. ఇంకో లెక్క కూడా ఉంది. మీ వ్యాను రెండు యాక్సిళ్ల, అంటే ముందు వెనుక చక్రాల ఇరుసుల, మధ్య దూరం 3350 మిల్లీమీటర్లు అన్నావు. వెనుక యాక్సిల్‌కు 1300 మిల్లీమీటర్లు వెనకగా స్టెప్నీ, చట్రం కలిపి 45 కిలోలు వేలాడదీస్తే వెనుక యాక్సిల్ మీద పడేది 45 కాదు, 62. మిగిలిన 17 కిలోలు ముందు యాక్సిల్ మీద నుంచి లేచిపోతాయి. తూగుడుబల్ల లెక్కే ఇది. ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగు తేలికవుతుంది. నీకు హాయిగా ఉంటుంది, నాకు భయంగా ఉంటుంది. నువ్వు వెనుక పెట్టించిన ఆ వంద లీటర్ల ట్యాంకుకు కూడా ఇదే లెక్క. నీళ్లే వంద కిలోలు.

మూడోది లోపల, మంచం కింద. శుభ్రంగా ఉంటుంది, తుప్పు పట్టదు. అయితే ఊరికే తోసి పెట్టకూడదు. గట్టిగా గుద్దుకున్నప్పుడు లోపలి వస్తువు తన బరువుకు ఇరవై రెట్లతో ముందుకు దూకుతుంది. 28 కిలోల స్టెప్నీ 560 కిలోల దెబ్బ అవుతుంది. లోపల పెడితే నేల కిందివరకు దిగే బోల్టుతో, మధ్య రంధ్రం మీద అడ్డపట్టీ వేసి బిగించాలి. మంచం మీద సామాను అంతా దించకుండానే తీయగలగాలి. రాత్రి పూట రోడ్డు పక్కన పరుపులు పరిచి స్టెప్నీ తీసేవాళ్లను చూశాను.

నాలుగోది తయారీదారు పెట్టిన చోటు, అడుగున కేబుల్‌కు వేలాడుతూ. నా ఓటు దీనికే. కానీ దీని మీద నాకు ఒక పాత అప్పు ఉంది, చెప్పుకోవాలి.

రిటైరయ్యాక పాత వ్యాను ఒకటి కొని, నేనూ నీలాగే మంచం, స్టవ్ పెట్టించాను. మీ అత్తయ్య, నేను అరకు బయలుదేరాం. శృంగవరపుకోటలో టీ తాగాం. టైడా దాటాక వాన మొదలైంది, చీకటి పడింది, వెనుక ఎడమ టైరు పేలింది. గ్యారేజీ మేస్త్రీని కదా, భయం లేదు. స్టెప్నీ దించే కేబుల్ తిప్పాను. తిరగలేదు. ఏడాదిపాటు సముద్రానికి రెండు వీధుల దూరంలో నిలబెట్టిన వ్యాను అది. ఉప్పు గాలికి కేబుల్, పళ్ల చక్రం కలిసి ఒకే ముద్దయ్యాయి. పైగా టైరు చదునైపోవడంతో వ్యాను వెనుక కుంగింది. కేబుల్ దిగినా, స్టెప్నీని బయటికి లాగడానికి సందు లేదు. ముందు జాకీతో ఎత్తాలి. జాకీ బురదలోకి దిగిపోతోంది, కింద వేయడానికి చెక్క లేదు. ఫోనులో సిగ్నల్ లేదు. రెండు గంటల తరువాత వచ్చిన ఒక లారీ క్లీనరు బురదలో పడుకుని, హ్యాక్సా బ్లేడుతో కేబుల్ కోసి చక్రం బయటికి తీశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ టార్చి పట్టుకుని నిలబడ్డాడు. మీ అత్తయ్య ఆ మాట ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంది.

కాబట్టి నీ స్టెప్నీని తిరిగి అడుగునే పెట్టించు. ట్యాంకును లోపల, రెండు యాక్సిళ్ల మధ్యకు తెచ్చుకో. పాత కేబుల్‌ను నమ్మకుండా కొత్తది వేయించు. ఆరు నెలలకు ఒకసారి చక్రం పూర్తిగా దించి, కేబుల్‌కు, పళ్లకు గ్రీజు రాయించు. విశాఖలో ఉన్నంతకాలం ఈ పని వానాకాలానికి ముందు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి అని గుర్తు పెట్టుకో. గాలి చూడటానికి వాల్వు నేల వైపు తిరిగి ఉండాలి. పైకి తిరిగి ఉంటే ఎవరూ చూడరు, నువ్వూ చూడవు. అవసరం పడిన రోజున స్టెప్నీలో కూడా గాలి ఉండదు.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైందని. నీ స్టెప్నీ వ్యానుతో పాటు వచ్చిన పాతదే అయితే, పళ్లు కొత్తగా కనిపించినా మురిసిపోకు. రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. పదేళ్లు దాటితే పారేయాల్సిందే, ఆరేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించాలి. ఇంకో అంకె 107/105 లాంటిది ఉంటుంది. 107 అంటే ఒంటి చక్రంగా 975 కిలోలు మోస్తుంది, 105 అంటే జంటగా వేసినప్పుడు ఒక్కోటి 925 మోస్తుంది. కారు టైరు తక్కువ ధరకు వచ్చిందని స్టెప్నీగా తగిలించకు. మిగతా చక్రాలది ఏ అంకె అయితే స్టెప్నీదీ అదే ఉండాలి.

ఆటోనగర్‌లో లారీలను తూచే వేబ్రిడ్జి మీదకు ఒక ఉదయం వెళ్లు. నీళ్లు నింపి, గ్యాసు పెట్టి, అందరూ ఎక్కి, ముందు యాక్సిల్ ఒకసారి, వెనుక యాక్సిల్ ఒకసారి తూకం వేయించు. ఆ రెండు చీట్లూ నాకు ఫొటో పంపు. సోఫా రంగు గురించి అడిగే ముందు ఈ పని కావాలి.

జాకీ అయిదు టన్నులది చాలు. దాని కింద వేయడానికి అడుగు వెడల్పు మందపాటి చెక్క, చక్రాల కింద అడ్డం పెట్టే దిమ్మలు రెండు, స్పానర్‌కు తొడిగే రెండడుగుల పైపు. నట్లు చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి, బిగించేటప్పుడు ఎదురెదురుగా బిగించాలి, యాభై కిలోమీటర్లు వెళ్లాక మళ్లీ బిగించాలి. ఇవన్నీ అల్లుడు గారికి తెలుసు. నువ్వు ఒక్కదానివే ఒకసారి ఇంటి ముందు మార్చి చూడు. ఎన్ని నిమిషాలు పట్టినా సరే. జాకీ మీదే నిలబడ్డ వ్యాను కిందకు మాత్రం తల పెట్టవద్దు.

ఇక సీట్లు. నా వ్యానులో మొదట చేయించిన బెంచీని ప్లైవుడ్ మీద స్క్రూలతో బిగించాను. భీమిలి రోడ్డులో ఆవు అడ్డం వచ్చి బ్రేకు కొడితే, ఆ బెంచీ మీద కట్టిన పరుపు చుట్టతో సహా స్క్రూలు ఊడి నా సీటు వీపుకు తగిలింది. ఆ రోజు బెంచీ మీద మనిషి లేడు. నీ ఫొటోలో పక్కకు తిరిగిన బెంచీ ఉంది, దాని మీద పిల్లలు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆగి ఉన్నప్పుడు అలా కూర్చుని ఇడ్లీ తినండి. చక్రం తిరిగితే ఎవరూ ఆ బెంచీ మీద ఉండకూడదు.

ప్రయాణంలో కూర్చునే ప్రతి మనిషికీ ముందుకు చూసే సీటు, దానికి బెల్టు ఉండాలి. బెల్టు బిగింపు టన్నుకు పైగా లాగుడును తట్టుకోవాలి, అది చెక్కకు, పలుచని రేకుకు చేతకాని పని. వెల్డర్ దగ్గర సీటు చేయించవద్దు. అదే మోడల్ వ్యానులోని అసలు సీటు, బెల్టు సీటులోనే ఉన్నది దొరికితే తీసుకుని, తయారీదారు ఇచ్చిన బోల్టు చోట్లలోనే బిగించు. ఆ చోట్లు సరిపడకపోతే నేల కింద ఛాసిస్‌ను ఆనుకుని మందపాటి ఉక్కు పలకలు వేసి, 8.8 అని తలమీద రాసి ఉన్న బోల్టులతో బిగించాలి. గుద్దుడుకు గురైన వ్యాను నుంచి తీసిన బెల్టు ఎంత చవకైనా వద్దు. ఒకసారి లాగుడు తిన్న బెల్టు రెండోసారి కాపాడదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, 2019 సవరణలో 194బీ సెక్షన్. చిన్నవాడికి పిల్లల సీటు కొని ఈ ముందుకు చూసే సీటు మీదే కట్టు.

ముందు సీటు వెనక్కి తిరిగేలా చేయించమని అడిగావు. ఎడమ వైపుది చేయించు. డ్రైవరు వైపు హ్యాండ్ బ్రేకు అడ్డం వస్తుంది, చోటు కూడా చాలదు. తిరిగే పళ్లెం వేస్తే సీటు రెండంగుళాల దాకా పైకి లేస్తుంది. అక్కయ్య, అదే మీ అమ్మ, పొట్టి మనిషి, కాళ్లు నేలకు అందవు. కాళ్లు వేలాడితే సాయంత్రానికి పాదాలు వాస్తాయి, ఆవిడ ఎవరికీ చెప్పదు. కింద వంపుగా ఒక పాదపీట చేయించు, అది కూడా బోల్టుతో బిగించినదే. బయలుదేరే ముందు సీటు ముందుకు తిప్పి, గడియ 'టక్' మన్నదాకా కదపాలి.

అక్కయ్య మోకాళ్ల సంగతి నీకు తెలుసు. సోఫా లోతు తగ్గించు, నేల నుంచి దిండు పైభాగం వరకు కూర్చున్నాక పద్దెనిమిది అంగుళాలు ఉండాలి. పల్లంగా ఉంటే ఆవిడ లేవడానికి ఇద్దరు కావాలి. ఎక్కే తలుపు దగ్గర ఒక మెట్టు, చేతికి స్టెయిన్‌లెస్ స్టీలు పైపు. మామూలు ఇనుము మన గాలికి నిలవదు. రెగ్జిన్ వద్దు, చెమటకు అంటుకుంటుంది. నూలు తొడుగు వేసి, ఉతకడానికి తీసేలా కుట్టించు.

కాగితాల విషయం అల్లుడు గారి పని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. నివాస వాహనాలకు ఏఐఎస్-124 అనే ప్రమాణం వేరే ఉంది. సీట్ల సంఖ్య మారితే రవాణా శాఖ కార్యాలయంలో, బీమాలో రెండు చోట్లా నమోదు చేయించండి. ఇది అయ్యేదాకా అరకు లేదు.

వచ్చే ఆదివారం ఇంటికి రండి. మీ అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంది. వచ్చేటప్పుడు అక్కయ్యను తీసుకురా, కుర్చీ ఎత్తు ఆవిడను కూర్చోబెట్టి కొలవాలి. పాత కేబుల్ పారేయకుండా సంచిలో వేసి తీసుకురా, అల్లుడు గారికి చూపించాలి.

ఇట్లు,
మీ మామయ్య