క్వాడ్ చైను: ముందు ఆ బిగింపు వదులు చేయండి

ప్రశ్న: అన్నగారూ, అరిజోనాలోని ఛాండ్లర్‌కు వచ్చి ఎనిమిది నెలలయింది. ముగ్గురు రూమ్మేట్లం డబ్బులు వేసుకుని పాత హోండా 400ఈఎక్స్ క్వాడ్ (ఇసుకలో, గుంతల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) కొన్నాం. రెండుసార్లు ఎడారికి వెళ్ళి వచ్చేసరికి చైను కరకరమనడం మొదలైంది. ఊళ్ళో బండికి చేసినట్టే ఇంజనాయిలు పోసి, చైను గట్టిగా బిగించాం. చప్పుడు పోయింది. కానీ బండి ఈడ్చుకుంటూ వెళ్తున్నట్టు ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ బిగించిన చైనును వదులు చేయండి. మిగతా ఉత్తరం ఆ తర్వాత చదవచ్చు.

మీ తప్పేమీ లేదు. ఇరవై ఏళ్ళ కిందట నేనూ అదే చేశాను. చైను వేలాడుతుంటే బిగించాలి, ఎండిపోతే ఆయిలు పోయాలి అన్నది మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విద్య. ఊళ్ళో మన బళ్ళలో చాలావాటికి చైను మొత్తాన్నీ కప్పే రేకు డబ్బా ఉంటుంది, మెకానిక్ దాని రబ్బరు మూత తీసి వేలు పెట్టి చూసి, రెండు చుక్కలు వేసి పంపేవాడు. రోడ్డు మీద తిరిగే బండికి అది సరిపోయేది. మీరు కొన్న బండికి ఆ డబ్బా లేదు. చైను నేలకు జానెడు ఎత్తులో బయటే తిరుగుతుంది, పక్కనే వెనక టైర్లు ఇసుకను చిమ్ముతుంటాయి. దానికి తోడు వెనక యాక్సిల్‌ను మోసే స్వింగ్ ఆర్మ్ గుంతల్లో పైకి కిందికి బాగా ఊగుతుంది. ఊగినప్పుడల్లా ముందు పళ్ళ చక్రానికీ వెనక పళ్ళ చక్రానికీ మధ్య దూరం మారుతుంది. నిలబెట్టి ఉన్నప్పుడు సరిగ్గా బిగుతుగా కనిపించే చైను, మీరు ఎక్కి కూర్చుని ఒక గుంతలో పడేసరికి తీగలా లాగుకుపోతుంది. ఆ లాగుడంతా ఇంజన్ నుంచి బయటికి వచ్చే షాఫ్టు బేరింగు మీదా, యాక్సిల్ బేరింగు మీదా పడుతుంది. చైను ధర ఎంత, ఇంజన్ విప్పించడానికి అయ్యే ఖర్చెంత? ఇక్కడ బాగుచేసే దుకాణంలో గంట కూలీయే వంద డాలర్లు దాటుతుంది.

అలాగని మరీ వదులుగానూ ఉంచకూడదు. వదులు చైను స్వింగ్ ఆర్మ్ మీద ఉన్న ప్లాస్టిక్ పట్టీని కొట్టి కొట్టి కోసేస్తుంది, ఎక్కడో ఒకచోట పళ్ళ మీద నుంచి జారి ఇంజన్ కేసును పగలగొట్టగలదు. మధ్యలో వేలితో పైకి కిందికి ఆడిస్తే ఎంత కదలాలో మీ మాన్యువల్లో రాసి ఉంటుంది, చాలా బళ్ళకు స్టిక్కరు మీద కూడా ఉంటుంది. ఇలాంటి స్పోర్టు క్వాడ్‌లకు అది చాలావరకు అంగుళం నుంచి అంగుళంన్నర మధ్య ఉంటుంది. బండి నేల మీద ఉంచి కొలవాలా, వెనక భాగం ఎత్తి కొలవాలా అన్నది కూడా మాన్యువల్ చెప్పినట్టే చేయండి. చైను అన్నిచోట్లా ఒకేలా అరగదు. అందుకే యాక్సిల్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నింటికన్నా బిగుతుగా ఉన్నచోట కొలత సరిపెట్టుకోవాలి.

మోటారు సైకిల్‌కు రెండు వైపులా బోల్టులు సమానంగా తిప్పి చక్రం వంకర లేకుండా చూసుకునే బాధ ఉంటుంది కదా, మీ బండికి అది లేదు. యాక్సిల్‌ను పట్టుకున్న గూడు గుండ్రంగా ఉంటుంది, కానీ యాక్సిల్ దాని నడిమధ్యన కాక కాస్త పక్కకు ఉంటుంది. దాన్ని బిగించిన బోల్టులు వదులు చేసి, గూడును తిప్పితే యాక్సిల్ మొత్తం ముందుకో వెనక్కో జరుగుతుంది. తర్వాత ఆ బోల్టులను మాన్యువల్ చెప్పిన బలంతో టార్క్ రెంచి పెట్టి బిగించాలి. టార్క్ రెంచి కొనక్కర్లేదు, ఆటో విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు, తిరిగి ఇస్తే డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. ఈ దేశంలో నాకు నచ్చిన మర్యాదల్లో ఇదొకటి.

ఇక ఆయిలు సంగతి. మీ చైనుకు ఓ-రింగులు ఉన్నాయో లేదో చూడండి. పలకల మధ్య సన్నని నల్లటి రబ్బరు ఉంగరాలు కనిపిస్తే ఉన్నట్టే. లోపలి పిన్నుకూ దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య ఫ్యాక్టరీలోనే గ్రీజు పెట్టి, అది బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా ఆ ఉంగరాలతో మూసేస్తారు. ఆ గ్రీజు ఉన్నంత కాలమే చైనుకు ఆయుష్షు. మనం బయట పోసే ఆయిలు లోపలికి వెళ్ళదు, వెళ్ళాల్సిన పనీ లేదు. బయట పూసేది తుప్పు పట్టకుండా, రబ్బరు ఎండి పగలకుండా, రోలరుకీ పళ్ళకీ మధ్య రాపిడి తగ్గడానికి, అంతే. మీరు పోసిన ఇంజనాయిలు మీద ఎడారి దుమ్ము అంటుకుని గారెల పిండిలా తయారై ఉంటుంది. ఆ పిండిలో ఉన్నది ఇసుక. సానరాయి పొడి కలిపిన ముద్ద పళ్ళకు పూసి రోజంతా తిప్పినట్టు అన్నమాట.

నా మొదటి చైను ఎలా పోయిందో చెప్తాను. బీలైన్ హైవే దిగి ఫోర్ పీక్స్ దారిలో తిరిగి వచ్చేవాణ్ణి. వచ్చిన ప్రతిసారీ నాణేలు వేస్తే నీళ్ళు చిమ్మే కార్ల వాషింగు చోటికి తీసుకెళ్ళి, ఆ గొట్టాన్ని చైనుకు ఆనించి పెట్టి, తళతళలాడే వరకు కడిగేవాణ్ణి. అంత ఒత్తిడితో దగ్గర నుంచి కొట్టిన నీళ్ళు ఓ-రింగులు దాటి లోపలికి వెళ్తాయని, గ్రీజును కడిగేస్తాయని ఎవరు చెప్పారు? ఆరు నెలలు చైను అద్దంలా మెరిసింది. ఏడో నెల ఒక వాష్‌లో తెగింది. వాష్ అంటే ఇక్కడ ఎండిపోయిన వాగు, రాయలసీమ వాళ్ళకు వంక అంటే వెంటనే తెలుస్తుంది. జూన్ నెల, పదకొండు గంటల ఎండ, చేతిలో ఒక సీసా నీళ్ళు. బండిని అక్కడే వదిలి నడిచి వచ్చాను. ఆ నడక తర్వాత నేను ఒంటరిగా ఎడారికి వెళ్ళలేదు, మీరూ వెళ్ళకండి.

మరి ఎలా శుభ్రం చేయాలి? ఇక్కడ మన ఊరి జ్ఞానం ఒకటి పనికొస్తుంది: కిరసనాయిలు. అది ఓ-రింగులను పాడుచేయదు. పెట్రోలు, బ్రేక్ క్లీనరు, నెయిల్ పాలిష్ తుడిచే ద్రావకం పాడుచేస్తాయి, వాటి జోలికి పోకండి. అక్కడ రేషన్ కిరసనాయిలుకే నీలం రంగు కలిపేవారు, ఇక్కడ కిరసనాయిలు పోసే డబ్బా నీలంగా ఉంటుంది. ఎర్ర డబ్బా పెట్రోలుది, పసుపు డబ్బా డీజిలుది. హార్డ్‌వేర్ దుకాణంలో డబ్బా రంగు చూసుకుని కొనండి.

బండి వెనక భాగాన్ని జాకీ మీద ఎత్తి, కింద గట్టి స్టాండ్లు పెట్టండి. ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ఈ మాట రెండుసార్లు చదవండి. ఇంజన్ స్టార్టు చేసి మొదటి గేరులో వేసి, తిరుగుతున్న చైనుకు గుడ్డ పట్టుకునే వాళ్ళున్నారు. గుడ్డ పళ్ళలో చిక్కుకుంటే వేలు దాని వెంటే వెళ్తుంది. యాక్సిల్‌ను చేత్తో తిప్పుకుంటే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతేగా.

మెత్తని నైలాను బ్రష్షును కిరసనాయిలులో ముంచి నాలుగు వైపులా తోమండి. ఇనుప బ్రష్షు వద్దు, రబ్బరు తెగుతుంది. వెనక బ్రేకు డిస్కు మీద ఒక్క చుక్క కూడా పడకుండా గుడ్డ కప్పండి. నల్లటి నీరు కారడం ఆగాక పాత లుంగీ ముక్కతో పొడిగా తుడిచి, పావుగంట ఆరనివ్వండి. తర్వాత చైను కోసమే చేసిన స్ప్రేను, కింది వరుసలో లోపలి వైపు నుంచి పలచగా కొట్టండి. తిరిగేటప్పుడు అది బయటికే చిమ్ముతుంది కాబట్టి లోపలి నుంచి కొడితేనే అంతటా పాకుతుంది. ఇసుకలో తిరిగే మనకు జిగురుగా ఉండే రకం కన్నా ఆరాక మైనంలా గట్టిపడే రకమే నయం. రాత్రంతా వదిలేసి, పొద్దున మిగిలింది తుడిచేయండి. చేత్తో తాకితే అంటుకోకూడదు. మిషిగన్‌లో బురదలో తిరిగే మా బావమరిది ఈ మాట ఒప్పుకోడు, అక్కడి తడికి జిగురు రకమే ఆగుతుందంటాడు. తన ఊరికి అది నిజమే కావచ్చు.

ఇంకో జాగ్రత్త. ఇక్కడ చాలా ఇళ్ళలో నీళ్ళు కాచే గ్యాసు హీటరు గరాజులోనే ఉంటుంది, దాని అడుగున మంట ఉంటుంది. తలుపు మూసుకుని అక్కడ కిరసనాయిలు పని పెట్టుకోవద్దు, బయట చేయండి. మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజు కాగితం చూడండి, పార్కింగులో బండి విప్పడాన్ని చాలాచోట్ల ఒప్పుకోరు. మురికి కిరసనాయిలును వీధి పక్క కాలువలో పారబోయడం నేరం. మూత ఉన్న డబ్బాలో పోసి, మీ నగరం ప్రమాదకర చెత్త తీసుకునే చోటుకు ఇవ్వండి.

మరొకటి, మీరు అడగకపోయినా. ఆ బండి ఒక్కరి కోసం చేసింది. ముగ్గురు కొన్నారు కదా అని ముగ్గురు ఎక్కకండి. వెనక బరువు పెరిగితే ఎత్తులో ముందు చక్రాలు లేస్తాయి.

ఇప్పుడు ఒక స్కేలు తీసుకోండి. చైను 'సాగింది' అంటాం గానీ ఇనుము సాగదు. ఒక్కో పిన్ను వెంట్రుకవాసి అరుగుతుంది, తొంభైకి అటూ ఇటూ ఉన్న లింకుల అరుగుదల కలిపి మనకు పొడవులా కనిపిస్తుంది. ఇలాంటి బళ్ళకు ఎక్కువగా వాడేది 520 రకం చైను. దానిలో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 5/8 అంగుళం, అంటే 20 లింకులు కొలిస్తే కొత్తలో సరిగ్గా 12.5 అంగుళాలు. అంగుళాలతో విసిగిపోయిన మనకు ఇక్కడొక్కచోట అవే సుఖం. చైనును లాగి పట్టి, ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి ఇరవై ఒకటో పిన్ను మధ్య వరకు కొలవండి. పావు అంగుళం పెరిగితే 2 శాతం అరిగినట్టు. వెనక పళ్ళ చక్రం మీద చైనును వెనక్కి లాగినప్పుడు సగం పన్ను బయటపడినా, పళ్ళు ఒక వైపుకు కొక్కేల్లా వంగి ఉన్నా అదే కథ.

మీ కొలత 12.75 అంగుళాల దగ్గరికి వచ్చి ఉంటే పైన చెప్పిన తోముడంతా మానేయండి. చైను, ముందు వెనక పళ్ళ చక్రాలు మూడూ కలిపి కొనండి. అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే అదీ త్వరగానే అరుగుతుంది. కొత్తదానికి క్లిప్పు లింకు (చైను రెండు కొసలను కలిపి చిన్న క్లిప్పుతో మూసే లింకు) వస్తే, క్లిప్పు మూసి ఉన్న వైపు చైను కదిలే దిశకు ఉండాలి, తెరిచిన వైపు వెనక. తిరగేసి పెడితే ఏదో రాయి తగిలి ఊడిపోతుంది. అలాంటి లింకులు రెండు అదనంగా కొని, చైను తెంచే చిన్న పనిముట్టుతో పాటు సీటు కింద కట్టుకోండి. 12.6 లోపే ఉంటే మాత్రం మీ అదృష్టం, ఆ ఇంజనాయిలు పిండి కడిగేసి, వదులు సరిచూసుకుని వచ్చే శనివారమే బయల్దేరవచ్చు.