ఆ ప్రాజెక్ట్ మాన్పించే ముందు గైడ్‌ని ఒక మాట అడగమనండి

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతోంది. ‘ప్లాస్మా డిశ్చార్జిలోంచి వచ్చే కాంతితో విద్యుత్ క్షేత్రాన్ని కొలవడం’ అని ప్రాజెక్ట్ ఇచ్చారు. దీంతో ఉద్యోగం వస్తుందా? అది వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమని బంధువులు అంటున్నారు. – ఒక తండ్రి, తెనాలి

జవాబు: పేరు చూసి టెన్షన్ పడకండి. మీ ఇంట్లో పాత ట్యూబ్‌లైట్ ఉంటే దాని లోపల వెలిగేదీ ప్లాస్మానే, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన వాయువు. వాయువులోంచి అలా కరెంటు పారడమే డిశ్చార్జి. ప్లాస్మాలోకి కొలిచే లోహపు కడ్డీ (ప్రోబ్) దూరిస్తే, కొలవాల్సిన క్షేత్రమే మారిపోతుంది. అందుకే ముట్టుకోకుండా, బయటికొచ్చే కాంతిని బట్టి లెక్క కడతారు. విద్యుత్ క్షేత్రంలో హైడ్రోజన్ వర్ణపట రేఖలు (దాని కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే సన్నని గీతలు) చీలిపోతాయని యోహానెస్ స్టార్క్ 1913లో చూపించాడు, 1919లో నోబెల్ అందుకున్నాడు. హీలియంతో పనిచేసేవాళ్లు 492.2 నానోమీటర్ల రేఖను చూస్తారు. క్షేత్రం ఉంటే దాని పక్కనే, మామూలుగా రాకూడని మరో రేఖ తల ఎత్తుతుంది. ఆ రెండింటి ఎడం, తీవ్రతల నిష్పత్తి చూస్తే సెంటీమీటరుకు ఎన్ని కిలోవోల్టులో తెలుస్తుంది.

చిక్కల్లా ఆ ఎడంతోనే. క్షేత్రం తక్కువగా ఉన్నప్పుడు అది నానోమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. యూఎస్‌బీకి తగిలించే చిన్న స్పెక్ట్రోమీటర్లలో (కాంతిని రంగులుగా విడదీసి కొలిచే పరికరాల్లో) చాలావాటికి ఆ రెండు రేఖలూ ఒకటే ముద్దగా కనిపిస్తాయి. కాబట్టి మీ అమ్మాయిని గైడ్ దగ్గర ఒక మాట అడగమనండి: ‘సార్, మన ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ రిజల్యూషన్ ఎంత?’ అంటే ఎంత దగ్గరి రేఖలను విడిగా చూపగలదని. చాలదంటే గాలిలో డిశ్చార్జి తీసుకుని, నైట్రోజన్ 391.4, 337.1 నానోమీటర్ల బ్యాండ్ల (దగ్గరదగ్గరి రేఖల గుంపుల) తీవ్రతల నిష్పత్తితో చేయొచ్చు. దానికి చిన్న పరికరం సరిపోవచ్చు గానీ, తీవ్రత కొలతను సరిచూసే (క్యాలిబ్రేషన్) ల్యాంపు మాత్రం తప్పనిసరి. రెండూ లేవంటే టాపిక్ మార్చుకోవడమే మేలు.

ఇక ఉద్యోగం. ఎమ్మెస్సీతో ఆగిపోతే ‘ప్లాస్మా’ అని రాసి ఉన్న ఉద్యోగాలు తక్కువే, దాచడం దేనికి? కానీ పని నేర్చుకున్న చెయ్యి ఊరికే పోదు. చిప్‌ల తయారీలో ప్లాస్మాతో పొరలు చెక్కే పని (ఎచింగ్) ఎక్కడ ఆపాలో తెలుసుకోవడానికి ఈ కాంతి వర్ణపటాన్నే గమనిస్తారు. ఆ యంత్రాలు చేసే లామ్ రీసెర్చ్, అప్లైడ్ మెటీరియల్స్ కంపెనీలకు బెంగళూరులో కేంద్రాలున్నాయి. ఉక్కు కర్మాగారాల్లో లోహంలో ఏమేం కలిశాయో తేల్చేది కూడా ఉద్గార వర్ణపటమే. పీహెచ్‌డీ వైపు వెళ్తానంటే గాంధీనగర్ దగ్గరి ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్ ఉంది, అక్కడ చేరడానికి జెస్ట్ అనే ప్రవేశపరీక్ష ఒక దారి. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు.

సాఫ్ట్‌వేర్ సంగతంటారా, ఈ రేఖలకు సరిపోయే లెక్క కట్టడం (ఫిట్టింగ్) పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేస్తే కోడింగ్ కూడా అందులోనే వస్తుంది. అయినా బంధువుల మాట రాశారు, మీ భయం రాశారు, అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. కోర్సు ఫీజు కట్టే ముందు అదొకటి కనుక్కోండి.